ఈ రెండూ ఒకటేనా?

నిన్న చదివిన డ్రాఫ్టు ఒకటి, ఇవాళ సంతకం పెట్టే కాగితం ఒకటి. మధ్యలో ఏం మారిందో కంటికి ఆనదు. పైసా ఖర్చు లేకుండా, ఫైలు ఇల్లు దాటకుండా ఆ తేడాని పట్టించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎప్పటినుంచో ఉంది. ఏ ఫైలుకి ఏది వాడాలి?

పదకొండింటి స్లాటుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురు సందులో దస్తావేజు లేఖరి గది. స్థలం కొంటున్న టీచరమ్మ చేతిలో అప్పుడే ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితాలు, ఇంకా వేడి ఆరలేదు. రాత్రి వాట్సాప్‌లో వచ్చిన డ్రాఫ్టు ఫొటోని ఫోన్లో పెద్దది చేసుకుంటూ, కాగితం మీద వేలితో ఒక్కో వరసా దాటుకుంటూ చదువుతోంది.

"నిన్న చూసిందే కదా మేడమ్! మీ నాన్నగారి ఇంటిపేరొక్కటే దిద్దాం. మిగతాదంతా అదే" అన్నాడు లేఖరి, ఇంకో పార్టీ కాగితాలు సర్దుతూ.

బయట బెంచీ మీద అమ్మేవాళ్లు. వాళ్లలో పెద్దాయన లోపలికి తొంగి చూసి, "కానీ తల్లీ, టైమవుతోంది" అన్నాడు.

ఆమె నాలుగో పేజీ దగ్గర ఆగిపోయింది. "బాబూ, పడమర హద్దు ఇరవై అడుగుల దారి అని కదా నిన్న ఉంది? ఇక్కడ పదిహేను అడుగులని ఉందేంటి?"

లేఖరి కంగారుగా వచ్చి చూశాడు. తప్పు ఎక్కడ జరిగిందో అతనికి వెంటనే అర్థమైంది. అదే లేఅవుట్లో అంతకుముందు ఇంకొకరికి రాసిన దస్తావేజు ఫైలు మీదే ఇది కొట్టాడు. హద్దులు దిద్దిన ఫైలు ఒకటి, ఇంటిపేరు దిద్దిన ఫైలు ఇంకొకటి. పొద్దున ప్రింటు ఇచ్చింది రెండోది.

ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందైనా, ఏ ఉదయమైనా కనిపించే దృశ్యమిది. అందరూ నాలుగో పేజీ దగ్గర ఆగలేరు, అదే బాధ.

ఒక్క అంకె మారితే

రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ పదిహేను అడుగులు బయటపడితే సవరణ దస్తావేజు రాయించాలి. అమ్మినవాళ్లు మళ్లీ ఆఫీసుకి రావాలి, మళ్లీ సంతకాలు, మళ్లీ వేలిముద్రలు. వాళ్లు మంచివాళ్లయితే ఒక పూట పని. ఈలోపు ధరలు పెరిగి మనసు మారితేనో, ఆ పెద్దాయన కాలం చేసి వారసులు నలుగురైతేనో ఏళ్ల తరబడి తిరుగుడు. లోనుకి వెళ్తే బ్యాంకు లాయరు హద్దుల్ని లింకు డాక్యుమెంటుతో సరిచూస్తాడు. పొంతన కుదరకపోతే ఫైలు పక్కన పెడతాడు.

భూమి కాగితాలకే కాదు, ఈ అవస్థ రాతపని ఉన్న ప్రతి చోటా ఉంది. ఇంటి ఓనరు పంపిన అద్దె ఒప్పందం పోయినేడాదిదేనా, ఒక క్లాజు కొత్తగా చేరిందా? అపార్ట్‌మెంట్ సొసైటీ బైలాస్ 'చిన్న మార్పులతో' మళ్లీ పంచారు, ఆ చిన్న మార్పులేంటి? అమెరికాలో ఉన్న కొడుకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) డ్రాఫ్టుని మెయిల్లో అందుకుని, అక్కడే ప్రింటు తీసి సంతకం పెట్టి కొరియర్ చేస్తాడు. ఇక్కడ లాయరు పంపినదీ అక్కడ ప్రింటైనదీ ఒకటేనని ఎవరు చూశారు? గైడు దిద్దిన థీసిస్ అధ్యాయం, ఎడిటర్ కోసిన కథ, అనువాదకుడు రెండోసారి పంపిన పుస్తకం... అన్నిట్లోనూ ప్రశ్న ఒకటే.

ఈమధ్య చాలామంది దీనికి ఒక దగ్గరి దారి కనిపెట్టారు. రెండు ఫైళ్లూ ఏఐ చాట్‌బాట్‌కి ఎక్కించి, తేడాలేంటో చెప్పమంటున్నారు. ఆఫీసుల్లో, లాయర్ల గదుల్లో, డీటీపీ సెంటర్లలో ఇప్పుడిది మామూలైపోయింది. ఈ కథనం రాయడానికి కారణం ఆ అలవాటే. ఆ దారి ఎందుకు వద్దో తర్వాత చూద్దాం. ముందు ఈ పని వెనకున్న చరిత్ర కొంచెం తెలియాలి. అది మనకి కొత్తది కాదు.

కడప బంగళాలో పాఠాంతరాలు

ప్రతుల్ని పక్కపక్కన పెట్టి సరిచూడటం తెలుగువాళ్లకి పాత విద్యే. తాటాకు మీద ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్న పద్యం, ఊరు మారేసరికి ఒక పదం మార్చుకునేది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడప వచ్చాడు. వేమన పద్యాల మీద మనసు పడి ఎక్కడెక్కడి ప్రతులో తెప్పించాడు, ఎంచిన పద్యాల్ని 1829లో అచ్చు వేయించాడు. కడపలోని తన బంగళాలో పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. దానికి సొంత డబ్బు చాలక అప్పులు కూడా చేశాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులన్నీ ముందు పెట్టుకుని, ఒకరు చదువుతుంటే మరొకరు చూస్తూ పాఠాంతరాలు గుర్తించి శుద్ధ ప్రతి తయారు చేసేవారు.

పుణెలోని భండార్కర్ సంస్థ మహాభారతం సంశోధిత ప్రతి కోసం ఇదే పనిని 1919లో మొదలుపెట్టి 1966లో ముగించింది. సరిచూసిన రాతప్రతులు 1,259. విష్ణు సుఖఠణ్‌కర్ వంటి పండితుల జీవితాలే అందులో కరిగిపోయాయి.

కోర్టుల నుంచి తీసుకునే నకళ్ల మీద 'సరిచూసినవారు' అని ఒక సంతకం ఉంటుంది. ఎత్తి రాసినవాడు ఒకడు, సరిచూసినవాడు ఇంకొకడు. రాసిన మనిషి కన్ను తన తప్పుని తాను చూడలేదని ఆ పద్ధతి పెట్టినవాళ్లకి తెలుసు. కంప్యూటర్ వచ్చి ఎత్తి రాసే శ్రమ తీసేసింది. దాంతోపాటు ఆ రెండో మనిషి కూడా వెళ్లిపోయాడు. కాపీ తీసినప్పుడు తప్పు రాదు, నిజమే. కానీ ఒకే ఫైలుకి 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'లాయర్ గారు చూసింది' అని పిల్లలు పుట్టుకొస్తున్నాయి. వాటిలో ఏది ఏదో సరిచూసే సంతకం మాత్రం కరవైంది.

బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన రెండో కన్ను

ఆ రెండో మనిషి స్థానంలో 1970ల మొదట్లోనే ఒక ప్రోగ్రామ్ పుట్టింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ రాసిన దాని పేరు 'డిఫ్'. 1974లో యూనిక్స్ ఐదో ఎడిషన్‌తో అది బయటికొచ్చింది. రెండు ఫైళ్లలో వరస తప్పకుండా ఉమ్మడిగా ఉన్న భాగాన్ని వీలైనంత పొడవుగా వెతికి పట్టుకోవడం దాని కిటుకు. అది దొరికాక మిగిలినవన్నీ తేడాలే. ఇందులో తీసేసినవీ అందులో చేర్చినవీ విడివిడిగా చూపిస్తుంది. ఆ లెక్కని మెకిల్‌రాయ్, జేమ్స్ హంట్ 1976లో ఒక పత్రంగా రాశారు. పదేళ్ల తర్వాత 1986లో యూజీన్ మయర్స్ ఇంకా వేగమైన పద్ధతి చెప్పాడు. ఇవాళ ప్రపంచంలోని ప్రోగ్రామర్లు వాడే 'గిట్' మామూలుగా ఆధారపడేది మయర్స్ పద్ధతి మీదే. ఆ మయర్సే తర్వాత జన్యు పటాల వైపు వెళ్లి, జీవశాస్త్రవేత్తలు రోజూ వాడే 'బ్లాస్ట్' రూపకర్తల్లో ఒకడయ్యాడు, మానవ జన్యువుల్ని వరస పేర్చే పనిలోనూ పాల్గొన్నాడు. రెండు డీఎన్ఏ తీగల్ని పోల్చడం, రెండు దస్తావేజుల్ని పోల్చడం లోపల్లోపల దగ్గరి పనులే.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టులో డిఫ్‌ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా కొత్తగా రాశారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. ఇప్పుడు మనం చెప్పుకోబోయేవి దాదాపు అన్నీ ఆ కోవలోవే.

ఉచితంగా దొరికేదీ ఇదీ ఒకటే కదా అనొచ్చు. కాదు. మార్క్ సమ్మర్‌ఫీల్డ్ రాసిన 'డిఫ్‌పీడీఎఫ్' మొదట స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చింది. తర్వాతి వెర్షన్లని డబ్బుకి అమ్మారు. అది ఆయన హక్కు, తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ పాత వెర్షన్ స్వేచ్ఛా లైసెన్సులో ఉంది కాబట్టి దాన్ని వెనక్కి లాక్కోవడం ఎవరి తరమూ కాదు. పది, ఇరవై ఏళ్లు దాచుకునే కాగితాల కోసం సాధనం ఎంచుకునేటప్పుడు ఈ భరోసా నా దృష్టిలో చాలా పెద్దది. 'బియాండ్ కంపేర్', 'అరాక్సిస్ మెర్జ్' డబ్బు పెట్టి కొనేవి, మంచి సాధనాలు. రోజంతా ఇదే వృత్తిగా ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. మామూలు మనిషికి ఆ ఖర్చు అక్కర్లేదు.

ముందు ఫైలు రకం చూడండి

'అన్నిటికన్నా మంచి సాధనం ఏది' అని అడిగితే జవాబు దొరకదు. మీ చేతిలో ఉన్న ఫైలు ఏమిటన్నదే అసలు ప్రశ్న.

వర్డ్ ఫైలైతే 'లిబ్రెఆఫీస్' రైటర్ చాలు. దీని వెనకున్న డాక్యుమెంట్ ఫౌండేషన్ 2010లో మొదలైంది. లిబ్రెఆఫీస్ విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుంది. ముందు కొత్త ఫైలు తెరవండి. ఎడిట్ మెనూలో ట్రాక్ ఛేంజెస్, అందులో కంపేర్ డాక్యుమెంట్ నొక్కి పాత ఫైలుని చూపించండి. కొత్తగా చేరిన మాటలు రంగు మారి గీతతో, పోయిన మాటలు కొట్టివేతతో కనిపిస్తాయి. ఒక్కో తేడానీ ఒప్పుకోవడానికీ తోసిపుచ్చడానికీ పక్కనే జాబితా వస్తుంది. ఈ పని ఎప్పుడూ నకలు మీదే చేయండి. పోలిక ఫలితాన్ని పాత పేరుతో సేవ్ చేస్తే రంగుల కాగితమే అసలైపోతుంది. టేబుళ్లు ఎక్కువున్న పత్రాల్లో రైటర్ అప్పుడప్పుడు తడబడుతుంది. ఒక్క అంకె మారినా గడి మొత్తాన్ని మారినట్టు చూపించవచ్చు. లేని తేడా ఉందని చూపించినా నష్టం లేదు, ఇంకోసారి చదువుకుంటాం.

వర్డ్ ఫైళ్లని ప్రోగ్రామర్ల సాధనాలతో నేరుగా పోల్చడానికి చూసి చాలామంది విసిగిపోతారు. డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. లోపల వచనం, అక్షర రూపాల వివరాలు, చివరిసారి ఎప్పుడు సేవ్ చేశారన్న లెక్క, అన్నీ విడివిడి ఫైళ్లుగా ఉంటాయి. ఒక్క మాటా మార్చకుండా తెరిచి సేవ్ చేసినా మూట మారిపోతుంది. అందుకే వచనాన్ని బయటికి తీసి పోల్చాలి, లేదా ఆ పని తెలిసిన రైటర్ వంటిదాన్ని వాడాలి.

సాదా టెక్స్ట్ ఫైలు, లేదా విడదీసిన వచనం ఉంటే విండోస్ వాడేవాళ్లకి నా ఓటు 'విన్‌మెర్జ్'కే. ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది. మారిన వరసకి రంగు, ఆ వరసలో మారిన మాటకి ముదురు రంగు. రెండు ఫోల్డర్లు ఇస్తే ఏ ఫైలు ఎందులో లేదో, ఏది మారిందో పట్టిక వేసి చూపిస్తుంది. కామాలతో విడదీసిన పట్టికల్ని గడుల్లో పెట్టి పోలుస్తుంది. బొమ్మల్ని కూడా పోలుస్తుంది. ప్లగిన్ తోడుంటే వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలోంచి వచనం తీసుకుని చూపించగలదు. లినక్స్‌లో ఆ పని 'మెల్డ్' చేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నేర్చుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

మూడు ప్రతులుంటే? లాయరు ఒక డ్రాఫ్టు పంపాడు. దాన్ని అన్న ఒకచోట దిద్దాడు, తమ్ముడు ఇంకోచోట దిద్దాడు. అసలు ఒకటి, దిద్దినవి రెండు. ఇక్కడ 'కేడిఫ్3', మెల్డ్, విన్‌మెర్జ్ మూడూ పనికొస్తాయి. మూడు నిలువు వరసల్లో పెట్టి, ఇద్దరూ ఒకే మాట మీద చేయి వేసిన చోట ఆగి మనల్ని అడుగుతాయి. ఆ ఒక్క చోట తప్ప మిగతావి కలిపేయొచ్చు. ఆస్తి పంపకాల కాగితాల్లో ఎవరు ఏ మాట మార్చారో స్పష్టంగా కనపడితే సగం గొడవలు మొదలే కావు.

ఆప్షన్లలో ఒక జాగ్రత్త. ఖాళీల్ని పట్టించుకోవద్దు, ఖాళీ వరసల్ని వదిలెయ్ అని చెప్పే వీలు ఈ సాధనాల్లో ఉంటుంది. వాటిని పెట్టుకోండి, అనవసరపు రంగులు తగ్గుతాయి. అంకెల్ని పట్టించుకోవద్దనే ఆప్షన్ కనిపిస్తే మాత్రం దస్తావేజు విషయంలో దాని జోలికి పోకండి. సర్వే నంబర్లు, గజాలు, రూపాయలు అన్నీ అంకెలే.

> కంటికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు
>
> తెలుగు ఫైళ్లు పోల్చినప్పుడు 'రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే, అయినా ఎర్రగా చూపిస్తోంది' అనే ఫిర్యాదు తరచూ వస్తుంది. కారణాలు ఇవీ:
>
> సున్న: అనుస్వారం (ం) వేరు, తెలుగు అంకె సున్న (౦) వేరు. 'రంగయ్య', 'ర౦గయ్య' చూపుకి ఒకటే. రెండోదాన్లో ఉన్నది అంకె. లిబ్రెఆఫీస్‌లో సున్న పక్కన కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే కోడ్ కనిపిస్తుంది. చివర 02 వస్తే అనుస్వారం, 66 వస్తే అంకె.
>
> కనపడని కత్తెర: 'సాఫ్ట్‌వేర్'లో పొల్లు తర్వాతి అక్షరంతో కలిసి వత్తుగా మారకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం పెడతాం. అది పదం చివర మిగిలిపోతే కంటికి తెలియదు, సాధనానికి తెలుస్తుంది.
>
> ఐత్వం: యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు.
>
> అను ఫాంట్లు: పేజ్‌మేకర్ కాలం నుంచి డీటీపీ సెంటర్లలో వాడుతున్న అను, శ్రీలిపి ఫైళ్లలో లోపల ఉండేవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు. అను ఫైలుని అను ఫైలుతో పోల్చొచ్చు. యూనికోడ్‌తో పోల్చాలంటే ముందు మార్పిడి చేయాలి. మార్పిడిలోనే కొత్త తప్పులు దొర్లుతాయి కాబట్టి ఆ ఫలితాన్ని కంటితో ఒకసారి చదవక తప్పదు.

పీడీఎఫ్ పేచీ

అందరికీ వచ్చేది పీడీఎఫ్. అందరినీ ఇబ్బంది పెట్టేదీ అదే. ఇంగ్లిష్ పీడీఎఫ్ నుంచి వచనం తీయడం తేలిక, 'పాప్లర్'తో వచ్చే చిన్న సాధనం క్షణాల్లో చేస్తుంది. తెలుగు పీడీఎఫ్ నుంచి తీస్తే వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడి చదవడానికి వీల్లేకుండా వస్తాయి. అను ఫాంట్ పీడీఎఫ్ అయితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు దిగుతాయి. ఇలాంటప్పుడు వచనాన్ని వదిలేసి, పేజీని బొమ్మలా పోల్చడం మేలు. వాత్స్‌లావ్ స్లావిక్ రాసిన 'డిఫ్-పీడీఎఫ్' (పైన చెప్పిన 'డిఫ్‌పీడీఎఫ్' వేరు) అచ్చం ఆ పనే చేస్తుంది. రెండు పేజీల్ని ఒకదాని మీద ఒకటి వేసి, కలవని చోట రంగు చూపిస్తుంది. ఫాంట్ ఏదైనా, భాష ఏదైనా దానికి ఒకటే. ఒక వరస చేరి కిందివన్నీ జరిగితే మాత్రం పేజీ అంతా రంగులమయం అవుతుంది. దస్తావేజులో ఒక అంకె మారిందా లేదా అన్నదానికి బాగా పనికొస్తుంది, తిరగరాసిన వ్యాసానికి పనికిరాదు.

స్కాన్ చేసిన కాగితం, ఫోన్లో తీసిన ఫొటో ఉంటే పని ఇంకా కష్టం. 'టెసరాక్ట్' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బొమ్మలోంచి తెలుగు అక్షరాలు చదవగలదు. హెచ్‌పీ కంపెనీలో పుట్టి 2005లో అందరికీ విడుదలైంది. కానీ మ, వ, ప, ఫ, ద, ధ వంటి అక్షరాల దగ్గర పొరబడుతుంది. దాని పొరపాట్లూ అసలు తేడాలూ కలిసిపోతే ఏది ఏదో తేల్చుకోవడానికి మళ్లీ కళ్లజోడు పెట్టుకోవాలి. కాబట్టి లాయరునైనా లేఖరినైనా, ఓనరునైనా అడగాల్సింది ఫొటో కాదు, టైపు చేసిన ఫైలు. వాట్సాప్‌లో పంపినా 'డాక్యుమెంట్'గా పంపమనండి. ఫొటోగా పంపితే వాట్సాప్ బొమ్మని కుదించి పంపుతుంది.

అచ్చంగా అదేనా: వేలిముద్ర లెక్క

కొన్నిసార్లు ఏం మారిందన్నది అక్కర్లేదు, మారిందా లేదా అన్నదే చాలు. దానికి 'హ్యాష్' ఉంది. ఫైలు ఎంత పెద్దదైనా ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో లెక్కిస్తే 64 అక్షరాల వేలిముద్ర వస్తుంది. లోపల ఒక్క కామా మారినా మొత్తం మారిపోతుంది. విండోస్‌లో 'సర్ట్‌యుటిల్', లినక్స్‌లో 'ఎస్‌హెచ్‌ఏ256సమ్' ముందే ఉంటాయి, కొత్తగా ఏదీ వేసుకోనక్కర్లేదు.

> కోర్టుకీ కావాలి
>
> 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుని సాక్ష్యంగా పెట్టేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. ఆ నమూనాలో ఎస్‌హెచ్‌ఏ-1, ఎస్‌హెచ్‌ఏ-256, ఎండీ5 పేర్లున్నాయి. ఎంచుకునే వీలుంటే ఎస్‌హెచ్‌ఏ-256నే ఎంచుకోండి. ఎండీ5 లోపం 2004లోనే బయటపడింది. 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు వేర్వేరుగా కనిపించే రెండు పీడీఎఫ్‌లకి ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 వేలిముద్ర వచ్చేలా చేసి చూపించారు.

ఇంట్లో ఫొటోల గుట్టకీ ఇదే లెక్క పనికొస్తుంది. పెళ్లి ఫొటోలు ఒక హార్డ్‌డిస్క్‌లో, అవే మళ్లీ పెన్‌డ్రైవ్‌లో, అన్నయ్య లాప్‌టాప్‌లో ఇంకోసారి. పోలాండ్ డెవలపర్ రాసిన 'చ్కావ్‌కా' అచ్చంగా ఒకటైన ఫైళ్లని వేలిముద్రతో పట్టుకుంటుంది. వాట్సాప్ కుదించిన నకళ్లని రూపం పోలికతో పట్టుకుంటుంది. చెరిపేసే ముందు ఒక్కో జతనీ తెరిచి చూసుకోండి. అమ్మమ్మ ఉన్న ఫొటో ఒక్కటి పోయినా మళ్లీ రాదు.

ఒక్క ఫైలు తేడా, ప్రపంచమంతా కలకలం

పోల్చడం ఎంత పెద్ద విషయమో 2024 మార్చి 29న లోకానికి తెలిసింది. ఆంద్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన కంప్యూటర్లోకి రిమోట్‌గా లాగిన్ అవుతున్నప్పుడు మామూలుకన్నా సుమారు అర సెకను ఆలస్యం కావడం గమనించి తవ్వుకుంటూ వెళ్లాడు. లినక్స్ వ్యవస్థల్లో విరివిగా ఉండే 'ఎక్స్‌జెడ్' అనే కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దారి ఒకటి బయటపడింది. జియా టాన్ అనే పేరుతో ఎవరో ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి ఆ పని చేశారు. అందరూ చూసే కోడ్ భాండాగారంలో ఆ దారిని తెరిచే తాళంచెవి లేదు. విడుదల చేసిన మూటలో మాత్రం అదనంగా ఒక చిన్న ఫైలు ఉంది.

భాండాగారాన్నీ మూటనీ పక్కపక్కన పెట్టి పోల్చి ఉంటే ఆ ఫైలు కనపడేది. అలా చూడటం ఎవరికీ అలవాటు లేకపోయింది. ఇలాంటి మూటల్ని పొరలు పొరలుగా విప్పి పోల్చే 'డిఫోస్కోప్' అప్పటికే ఉంది. డెబియన్ లినక్స్ వాళ్ల పనిలోంచి పుట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. జిప్‌లో జిప్, అందులో పీడీఎఫ్ ఉన్నా లోపలిదాకా వెళ్లి చూపిస్తుంది. సాధనం ఉండటం వేరు, రోజూ వాడే అలవాటు ఉండటం వేరని సాఫ్ట్‌వేర్ లోకం ఆ వారం నేర్చుకుంది.

చాట్‌బాట్‌కి ఎందుకు ఇవ్వకూడదు?

మొదటి కారణం గోప్యత. దస్తావేజులో ఏముంటాయి? తండ్రి పేరు, ఆధార్, పాన్, ఇంటి చిరునామా, సంతకాలు, వేలిముద్రలు. ఆ ఫైలుని ఏదో వెబ్‌సైట్లోకి ఎక్కించిన క్షణం నుంచి అది ఎవరి కంప్యూటర్లో ఎన్నాళ్లుంటుందో మన చేతిలో ఉండదు. 'ఆన్‌లైన్లో ఫ్రీగా పోల్చండి' అని పిలిచే సైట్లకీ ఇదే వర్తిస్తుంది. కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరి 29న ఇచ్చిన ఉత్తర్వులో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి వాటిని ఆఫీసు కంప్యూటర్లలో వాడొద్దని తన ఉద్యోగులకి చెప్పింది. ప్రభుత్వ పత్రాల గోప్యతకి ముప్పన్నదే కారణం. ప్రభుత్వ కాగితానికి ఉన్న విలువ మన ఇంటి కాగితానికి లేదా?

రెండో కారణం నిక్కచ్చితనం. డిఫ్ జాతి సాధనానికి అవే రెండు ఫైళ్లు వందసార్లు ఇస్తే వందసార్లూ అదే జవాబు వస్తుంది. వచనంలో ఒక్క అంకె మారినా వదలదు. చాట్‌బాట్ చేసేది చదివి చెప్పడం. ఆ చెప్పడంలో ఒక తేడా జారిపోవచ్చు, లేనిది చేరవచ్చు. రాసే తీరు నమ్మకంగా ఉంటుంది కాబట్టి జారిపోయినదాన్ని మనం వెతకం. మారిన క్లాజుకి అర్థమేంటని అడగాలంటే పేర్లూ నంబర్లూ తీసేసి ఆ ఒక్క క్లాజు అడగండి. ఏం మారిందన్నది తేల్చే పని మాత్రం దానికి అప్పగించకండి.

డిఫ్ కుటుంబానికి ఒక హద్దుంది, దాన్నీ గుర్తుంచుకోవాలి. అది అర్థం చూడదు. 'ఇవ్వవలెను' అన్నది 'ఇవ్వవచ్చును' అయితే చిన్న తేడాగా చూపిస్తుంది, ఒప్పందం అక్కడ తలకిందులైనా సరే. ఎక్కడ చూడాలో అది చెప్తుంది. చూసి ఆలోచించాల్సింది మనమే, అవసరమైతే లాయరు.

తెవికీలో రోజూ జరిగే పని

తెలుగులో ఈ పోలిక ఎంత బాగా సాగుతుందో చూడాలనుకుంటే తెలుగు వికీపీడియా తెరవండి. 2003 డిసెంబర్‌లో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది. ఏ రెండు కూర్పులనైనా ఎంచుకుంటే ఎవరు ఏ రోజు ఏ మాట చేర్చారో, ఏది తీసేశారో పక్కపక్కన కనిపిస్తుంది. జీతం లేకుండా పనిచేసే వికీపీడియన్లు రోజూ ఆ తేడాలు చూసి పేజీల్ని కాపాడుతున్నారు. వికీసోర్స్‌లో పాత పుస్తకాల స్కాన్ బొమ్మ ఒక పక్క, టైపు చేసిన వచనం ఒక పక్క పెట్టుకుని ఒకరు దిద్దింది మరొకరు సరిచూస్తున్నారు. కడపలో పండితులు చేసిన పనికి వీళ్లే వారసులని నేననుకుంటాను.

మిగిలిన పని మనది

ఈ సాధనాలకి తెలుగు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. అనుస్వారానికీ అంకె సున్నకీ తేడా ఉన్నప్పుడు 'రూపం ఒకటే, కోడ్ వేరు' అని చెప్పే సౌకర్యం కావాలి. కనపడని అక్షరాన్ని పట్టించుకోవద్దనే ఆప్షన్ కావాలి. అక్షరంలోని గుణింతాన్ని విడగొట్టి వత్తుకి మాత్రమే రంగు వేయకుండా, మొత్తం అక్షరానికి రంగు వేయాలి. అప్పుడే ఆ వరస చదవగలం. ఇవి కొమ్ములు తిరిగిన కంపెనీలే చేయాల్సిన పనులు కావు. విన్‌మెర్జ్, మెల్డ్, లిబ్రెఆఫీస్ మూడింటి కోడూ బయటే ఉంది. లోపాలు రాసి నమోదు చేసే బహిరంగ పట్టికలూ ఉన్నాయి.

హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ ఇంజినీరింగ్ కాలేజీల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రాజెక్టు కోసం వెతుక్కునే విద్యార్థులు, విదేశాల్లో ఇదే వృత్తిలో ఉన్న తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వీళ్లలో పదిమంది పూనుకుంటే పైన చెప్పిన మూడు పనులూ అయిపోతాయి. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా సాయం చేయగలరు. కంటికి ఒకటిగా ఉండి సాధనం తేడాగా చూపించిన పదం మీకు దొరికితే, ఆ పదం ఉన్న రెండు చిన్న నమూనా ఫైళ్లు తయారు చేసి ఆ పట్టికలో నమోదు చేయండి. సొంత వివరాలు ఉన్న ఫైళ్లు మాత్రం అందులో పెట్టకండి.